హాహా హూహూ ఏ అరలో ఉండాలి?

ఎస్.ఆర్. రంగనాథన్ స్మృతిలో స్మారకోపన్యాస పాఠం, గోదావరిఖని

లండన్ నగరం నడిబొడ్డున, ట్రఫాల్గర్ స్క్వేర్‌లో, ఒకనాడు గుర్రం తల ఉన్న ప్రాణి ఒకటి పడి ఉంటుంది. ఒళ్ళు మనిషిది, రెక్కలున్నాయి, మాట్లాడేది సంస్కృతం. ఆకాశంలో పోతూ పోతూ నేలకు జారిన గంధర్వుడతను. మనిషా, జంతువా అని ఊరంతా తర్జనభర్జన పడుతుంది. విశ్వనాథ సత్యనారాయణ 1932లో రాసిన చిన్న నవల ‘హాహా హూహూ’ కథ ఇది. హాహా, హూహూ అన్నవి పురాణాల్లో గంధర్వుల పేర్లే కాబట్టి ఇది పౌరాణికం అనవచ్చు. వేరే లోకపు ప్రాణి ఒక ఆధునిక నగరంలో దిగితే అక్కడి జ్ఞానం ఏం చేస్తుందన్న ప్రశ్న ఇందులో ఉంది కాబట్టి సైన్స్ ఫిక్షన్ అనవచ్చు. రెక్కలూ గుర్రపు తలా చూసి ఫాంటసీ అనవచ్చు. ఏ తెలుగు గ్రంథాలయానికి వెళ్ళినా మాత్రం ఆ పుస్తకం విశ్వనాథ వరసలో, ‘వేయిపడగలు’ పక్కన నలిగి ఉంటుంది. ఇలాంటి కథ కావాలని వచ్చిన పాఠకుడికి అది అక్కడ ఉందని చెప్పేవి ఏవీ ఉండవు. రచయిత పేరు ముందే తెలిసినవాడికే దొరుకుతుంది.

ఇది చిన్న చిక్కులా కనిపిస్తుంది. పదమూడేళ్ళ పిల్లవాడు గ్రంథాలయంలో అడుగుపెట్టి, ‘వేరే గ్రహం కథలున్నాయా?’ అని అడిగి, లేవన్న జవాబు విని తిరిగిపోయాడనుకుంటే, ఆ కథలు నాలుగు అడుగుల దూరంలోనే వేరు వేరు పేర్ల కింద ఉన్నాయనుకుంటే, అది చిన్న చిక్కు కాదు. రంగనాథన్ జీవితమంతా వాదించింది ఆ నాలుగు అడుగుల గురించే. ప్రతి పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడు ఉంటాడని, ఇద్దరినీ కలపడమే గ్రంథాలయం పని అని ఆయన నమ్మకం. ఆయన్ను తలచుకునే రోజు ఆ పిల్లవాడి తరఫున మాట్లాడటం న్యాయం.

శియాళిలో 1892లో పుట్టిన రంగనాథన్ మొదట లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గ్రంథపాలకుడిగా చేరి, శిక్షణ కోసం లండన్ వెళ్ళారు. అక్కడ సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో పిల్లలు ఆడుకునే మెకానో బొమ్మల పెట్టె చూశారు. బిళ్ళలు, చక్రాలు, బోల్టులు అవే. బిగించే తీరు మారితే ఒకసారి క్రేను అవుతుంది, ఒకసారి బండి అవుతుంది. పుస్తకం విషయాన్ని కూడా ఇలాగే ముక్కలుగా విడదీసి, కావలసినట్టు కలుపుకోవచ్చన్న ఊహ ఆయనకు అక్కడ తట్టింది. 1933లో వెలువడిన కోలన్ వర్గీకరణకు అదే మూలం.

ఆ పద్ధతిలో సాహిత్యానికి గుర్తు ‘ఓ’. దాని తర్వాత భాష, ఆ తర్వాత రూపం, ఆ తర్వాత రచయిత. రూపాల్లో కవిత్వం 1, నాటకం 2, కథాసాహిత్యం 3. రచయితను పేరుతో కాక పుట్టిన సంవత్సరంతో గుర్తిస్తారు. 1564లో పుట్టిన షేక్స్పియర్ నాటకాల సంఖ్య ‘ఓ 111,2 జె 64’. ఇందులో 111 ఇంగ్లిష్, 2 నాటకం, జె 64 ఆయన పుట్టిన ఏడు. లెక్కల మాస్టారి అందం కనిపిస్తుంది. కానీ 1866లో పుట్టిన హెచ్.జి. వెల్స్ రాసిన ‘టైమ్ మెషీన్’నూ, ఆయనే రాసిన మామూలు కుటుంబ నవలలనూ ఈ సంఖ్య ఒకే చోట కూర్చోబెడుతుంది. భాష తెలుస్తుంది, రూపం తెలుస్తుంది, రచయిత తెలుస్తాడు. కథ కాలంలో ప్రయాణిస్తుందా, వంటింట్లో నడుస్తుందా అన్నది తెలియదు. అంత పెద్ద ఊహాశాలి కూడా సాహిత్యం దగ్గర పాఠకుడి కోరికకు ఒక గడి ఉంచలేదన్నది ఆయన మీద గౌరవంతోనే చెప్పుకోవలసిన మాట.

మన పౌర గ్రంథాలయాల్లో ఎక్కువగా కనిపించేది మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన దశాంశ పద్ధతి. అందులో తెలుగు సాహిత్యం 894.827. చివర 1 చేరిస్తే కవిత్వం, 3 చేరిస్తే నవలలూ కథలూ. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో ఎన్ని అద్భుతాలు జరిగినా అది పద్యం కాబట్టి కవిత్వంలోకి పోతుంది. సైన్స్ ఫిక్షన్‌కు డ్యూయీ పద్ధతిలో చోటు లేకపోలేదు. దాని చరిత్ర, విమర్శల పుస్తకాలకు 809.38762 అనే సంఖ్య ఉంది, ఫాంటసీకి దాని చివరి అంకె 6 అవుతుంది. అంటే ఈ రకం కథల గురించి రాసిన పుస్తకానికి దారి పక్కాగా ఉంది, ఆ రకం తెలుగు కథకు మాత్రం అరల మధ్య దారి లేదు.

ఇంతకంటే విచిత్రం జానపద కథల సంగతి. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడి కథ డ్యూయీ లెక్కలో సాహిత్యం కాదు. 398.2లో, సాంఘిక శాస్త్రాల విభాగంలో, ఆచారాలకూ పెళ్ళి తంతులకూ పొరుగున ఉంటుంది. అదే మాంత్రికుణ్ణి ఒక రచయిత నవలలో పెడితే 894.8273. రెండు అరల మధ్య భాష, భౌతికశాస్త్రం, వైద్యం, చిత్రకళ అన్నీ దాటాలి. పిల్లలకు మాత్రం ఆ మాంత్రికుడు ఒక్కడే.

రచయిత పేరు వరసకు వస్తే ఇంకో ముడి. మనకు ఇంటిపేరు ముందు. మల్లాది రామకృష్ణశాస్త్రి, మల్లాది వెంకటకృష్ణమూర్తి అక్షరక్రమంలో ఒకే అరలో భుజం భుజం రాసుకుంటూ కూర్చుంటారు. ఒకరి వాక్యం రుచి కోసం వచ్చేవారు వేరు, ఇంకొకరి పేజీల ఉరవడి కోసం వచ్చేవారు వేరు. ‘మల్లాది ఉందా?’ అని అడిగితే ఎవరి మల్లాదో మొహం చూసి పోల్చుకోవలసిందే. యండమూరి వీరేంద్రనాథ్ విషయంలో దీనికి తలకిందులు. ‘విజయానికి ఐదు మెట్లు’ వ్యక్తిత్వ వికాసంలో ఉంటుంది, ‘చీకట్లో సూర్యుడు’ నవలల్లో ఉంటుంది. ఒకే మనిషిని రెండు గదుల్లో పెట్టగలిగిన పుస్తకాల షాపు, ఆయన నవలల్లోనే అంతరిక్షం వైపు చూసేవాటినీ శ్మశానం వైపు చూసేవాటినీ విడదీయలేదు. మన షాపుల్లో పలకలు చదువుకుంటూ పోతే నవలలు, కథలు, కవిత్వం, ఆధ్యాత్మికం, వ్యక్తిత్వ వికాసం, పిల్లల పుస్తకాలు, పోటీ పరీక్షలు కనిపిస్తాయి. సైన్స్ ఫిక్షన్ అన్న పలక తెలుగు పుస్తకాల మీద చూసినవారు అరుదు.

గ్రేడు అంటే ఏమిటో బొగ్గుగనుల ఊరైన గోదావరిఖనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. 2012 జనవరి 1కి ముందు దేశంలో బొగ్గును బూడిద, తేమ లెక్కగట్టి ‘ఏ’ నుంచి ‘జీ’ వరకు ఏడు గ్రేడులు చేసేవారు. ఆ తర్వాత కాల్చితే వచ్చే మొత్తం వేడిని కొలిచి జీ-1 నుంచి జీ-17 వరకు పదిహేడు చేశారు. కిలోకు ఏడు వేల కిలోకేలరీలు దాటితే జీ-1. అక్కణ్ణుంచి మూడు వందలకో మెట్టు దిగుతుంది. భూమిలో బొగ్గు ఏమీ మారలేదు. కొలిచే తీరు మారింది, దాంతో పేరు మారింది, పేరుతో పాటు ధర కట్టే లెక్క మారింది. పుస్తకానికి అలా కొలిచే వేడి ఒక్కటే ఉండదు. భాష ఒక కొలత, రూపం ఒక కొలత, కథ జరిగే లోకం ఒక కొలత, చదివినవాడికి కలిగే భయమో ఆశ్చర్యమో ఇంకో కొలత. ఒక కొలత మీద గ్రేడు వేసి అరలో పెట్టాక మిగిలినవన్నీ కనుమరుగవుతాయి.

అయితే బాయి పని తెలిసినవారికి ఇంకో సంగతి కూడా తెలుసు. ఒకే సీమ్ నాలుగు బావుల కింద నడుస్తుంది. పైన ప్రతి బాయికీ వేరే నంబరు, వేరే మస్టరు, వేరే లాంప్ రూమ్. కింద పొర ఒక్కటే. పైన ఉన్నవాడికి ఆ పొర కనిపించాలంటే సర్వేయరు గీసిన ప్లాను కావాలి. కథల రకాలు అలాంటి పొరలు. రచయితల పేర్ల వరసలో నిలబెట్టిన అరల కింద అవి అడ్డంగా పారుతుంటాయి. అరలను తవ్వి మళ్ళీ కట్టనక్కర్లేదు, ప్లాను గీస్తే చాలు. గ్రంథాలయంలో ఆ ప్లాను పేరు కేటలాగు.

ప్రపంచంలో ఈ పలకలు పుట్టిన తీరు చూస్తే అవి ఆకాశం నుంచి ఊడిపడలేదని తెలుస్తుంది. హ్యూగో గెర్న్స్‌బాక్ 1926 ఏప్రిల్‌లో అమెరికాలో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక మొదలుపెట్టి, ఆ కథలకు ‘సైంటిఫిక్షన్’ అని పేరు పెట్టాడు. పత్రిక అమ్ముడుపోవాలి, అందుకు పేరు కావాలి. ఫాంటసీ పలక ఇంకా ఆలస్యం. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 55లలో వచ్చినప్పుడు దాన్ని నిలబెట్టడానికి ప్రత్యేకమైన గూడు లేదు. అది అమెరికాలో చౌక ప్రతులుగా విపరీతంగా అమ్ముడయ్యాక, బాలంటైన్ సంస్థ 1969లో పెద్దల ఫాంటసీ అని ఒక మాలికే మొదలుపెట్టింది. పుస్తకం ముందు వచ్చింది, పాఠకులు వెంటపడ్డారు, గూడు ఆ తర్వాత కట్టారు.

ఇప్పుడు అమెరికా పుస్తక వ్యాపారం బైసాక్ అనే సంకేతాల పట్టిక వాడుతుంది. అందులో సైన్స్ ఫిక్షన్‌కు ఎఫ్ఐసీ 028000, ఫాంటసీకి ఎఫ్ఐసీ 009000. అంతర్జాతీయ వ్యాపారం కోసం 2013లో వచ్చిన థీమా పట్టికలో మొదటిది ఎఫ్ఎల్, రెండోది ఎఫ్ఎమ్. ఇవి ఉన్నంత మాత్రాన చిక్కు తీరలేదు. ఆన్ మెకాఫ్రీ ‘పెర్న్’ నవలల అట్ట మీద డ్రాగన్ ఎగురుతుంది. అట్ట చూసిన షాపువాడు ఫాంటసీ వైపు నడుస్తాడు. లోపల ఆ డ్రాగన్లు వేరే గ్రహం మీద మనుషులు అక్కడి జంతువుల నుంచి శాస్త్రబద్ధంగా పెంచి తయారుచేసుకున్నవి. మార్గరెట్ అట్‌వుడ్ తన రచనలను సైన్స్ ఫిక్షన్ అనడానికి చాలాకాలం ఇష్టపడలేదు; ఆమె ‘హ్యాండ్‌మెయిడ్స్ టేల్’కే 1987లో సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారం మొదటిసారి దక్కింది. అయినా ఎక్కువ షాపుల్లో అది సాహిత్య నవలల బల్ల మీదే ఉంటుంది. పలక ఒక గౌరవాన్నో అగౌరవాన్నో మోస్తుందని రచయితలకు బాగా తెలుసు. గ్రంథపాలకుడికీ తెలియాలి.

మరి మనకు పలకలు లేవా? ఉన్నాయి. అవి పుస్తకాల షాపులో కాక సినిమాహాలు గోడ మీద పెరిగాయి. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం: ఈ నాలుగు మాటలు తెలియని తెలుగువాడు లేడు. టికెట్ కొనేముందే ఏం చూడబోతున్నాడో వాటితో తెలిసిపోయేది. ఈ నాలుగు గదుల మధ్య గోడ పగిలినప్పుడు మనవాళ్ళు ఐదో మాట పుట్టించుకున్నారు, సోషియో ఫాంటసీ. సాంఘికంలోకి యముడు దిగి వస్తే అది సోషియో ఫాంటసీ. ‘యమగోల’ (1977) నుంచి ‘యమలీల’ (1994) దాకా ప్రేక్షకులకు ఆ మాటకు వివరణ అవసరం పడలేదు. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) ఒకే టికెట్టు మీద కృష్ణదేవరాయల కాలానికీ 2504వ సంవత్సరానికీ తీసుకెళ్ళింది. చారిత్రకమూ సైన్స్ ఫిక్షనూ ఒకే యంత్రంలో ఎక్కి కూర్చున్నాయి. హాలు నిండా జనం దాన్ని హాయిగా అర్థం చేసుకున్నారు. పాఠకుడికి ఇంత వర్గీకరణ బుద్ధి ఉంటే, గ్రంథాలయం అతన్ని నవల, కథ అనే రెండు మాటల దగ్గర ఆపేయడం అతని తెలివిని తక్కువ చేయడమే.

జానపదం అన్న మాట దగ్గర ఇంకాసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగు ఫాంటసీకి సిసలైన పేరు అదే. మధిర సుబ్బన్న దీక్షితులు ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. కాశీకి కాలినడకన పోయే మణిసిద్ధుడు, వెంట నడిచే గోపన్నకు మజిలీ మజిలీకీ ఒక కథ చెబుతాడు. 1951లో ‘పాతాళభైరవి’కి పునాది పడింది ఆ మజిలీల్లోనే. ఆ తర్వాత ‘చందమామ’. అందులో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, చిత్రా వేసిన బొమ్మలు. ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’: పేర్లు చదువుతుంటేనే ఒక లోకం కళ్ళముందు లేస్తుంది. వాటిలో దేవుళ్ళ మహిమలకన్నా మాంత్రికుల యుక్తులు, అడవులు, వింత జంతువులు, ప్రయాణాలు ఎక్కువ. వేరే దేశంలో అయితే ఇవి ఫాంటసీ గోడకు నడుమన ఉండేవి. మన దగ్గర పత్రికలో వచ్చాయి కాబట్టి బైండు చేసిన పాత సంచికలుగా పత్రికల గదిలోకి పోయాయి. ‘కాశీమజిలీ’ ప్రాచీన కథల్లోకి, ‘చందమామ’ పత్రికల్లోకి, ‘హాహా హూహూ’ నవలల్లోకి. ఒకే పొర, మూడు బావులు.

అన్ని పలకలూ ఇంత ముచ్చటగా ఉండవు. 1980ల్లో ‘క్షుద్ర సాహిత్యం’ అన్న మాట పుట్టింది. చేతబడి కథలకు అది రకం పేరు. అదే మాటకు నీచమన్న అర్థమూ ఉంది కాబట్టి అది తీర్పు కూడా. పేరు పెడుతూనే శిక్ష వేసే ఇలాంటి పలక ఇంకో భాషలో దొరకడం కష్టం. యండమూరి ‘తులసిదళం’లో పసిపాప మీద జరిగే ప్రయోగానికి మందు వెతుకుతూ వైద్యం, హిప్నాటిజం, మంత్రవిద్య పక్కపక్కనే నడుస్తాయి. ఆ నవల బలమంతా ఆ పక్కపక్క నడకలోనే ఉంది. సైన్స్ అరలో పెడితే మంత్రవిద్యకు శాస్త్రం ముద్ర వేసినట్టు. భయానక కథల్లో పెడితే అందులోని వాదాన్ని దాచినట్టు. రంగనాయకమ్మ దాని మీద ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని ఒక పుస్తకమే రాశారు. ఈ రెండు పుస్తకాలూ ఒకదాన్నొకటి చూపించుకునే గ్రంథాలయం కావాలి. ఒకటి నవలల్లో, ఒకటి విమర్శలో ఉండటం సరైనదే. మొదటిదాని కార్డు మీద రెండోదాని పేరు లేకపోవడం మాత్రం పాఠకుడికి చేసే నష్టం.

పేరు చూసి అర నిర్ణయిస్తే జరిగే పొరపాట్లు ఇంకో రకం. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ భగవద్గీత వ్యాఖ్యానం కాదు, ఖగోళశాస్త్రం. ‘నరావతారం’ దశావతారాల్లో ఒకటి కాదు, మనిషి పరిణామం. ఆ రెండు పుస్తకాలూ తెలుగు ఇళ్ళలో సైన్స్ మీద ప్రేమ పుట్టించినంతగా పాఠ్యపుస్తకాలు పుట్టించలేదనడం అతిశయోక్తి కాదు. హడావిడిలో ఉన్న చేయి వాటిని ఆధ్యాత్మికం వైపు తోసేయడానికి అట్ట మీది ఒక్క మాట చాలు. మరాఠీలో జయంత్ నార్లీకర్ రాసిన నవల పేరు వామనుడు తిరిగి రాలేదని చెబుతుంది. లోపల ఉన్నది బలిచక్రవర్తి కథ కాదు, ఆలోచించే యంత్రం కథ. పురాణం నుంచి పేరు తెచ్చుకోవడం మన శాస్త్ర రచయితల అలవాటు. పేరు పాఠకుడికి చనువు ఇస్తుంది. ఆ చనువు పుస్తకాన్ని దారి తప్పించకుండా చూడవలసినవాడు గ్రంథపాలకుడు.

ఇక ఈ నేలకు నేరుగా సంబంధించిన పుస్తకం ఒకటుంది. విలియం కింగ్ 1871లో ఇల్లందు పరిసరాల్లో బొగ్గు కనుక్కున్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఈ రెండు సంవత్సరాల మధ్య, 1877లో, ఫ్రాన్స్‌లో జూల్స్ వెర్న్ బొగ్గుగని మీద ఒక నవల రాశాడు. పేరు ‘లే జేంద్ న్వార్’, నల్ల ఇండియాలని అర్థం. బ్రిటన్‌కు ఇండియా ఎంత సంపదో బొగ్గుగనులూ అంత సంపద అన్న ఊహ ఆ పేరు వెనక ఉంది. కథ స్కాట్లండ్‌లోని అబర్‌ఫాయిల్‌లో. బొగ్గు అయిపోయి మూతపడిన గనిని వదలని కుటుంబం ఒకటి పదేళ్ళుగా ఆ బాయిలోనే కాపురం ఉంటుంది. ఇంటిపెద్ద ఒకప్పుడు అక్కడ ఓవర్‌మన్. బండ చీలికలోంచి మీథేన్ గ్యాస్ వస్తోందంటే అవతల ఇంకా బొగ్గు ఉందని అతని నమ్మకం. పాత ఇంజనీరును పిలిపిస్తాడు, గోడ పగలగొడతారు, అవతల పెద్ద బిలం, చెరువు, తరగని బొగ్గు. భూమి కింద ఒక ఊరే కడతారు. ఎండ అంటే ఏమిటో తెలియని నెల్ అనే పిల్ల ఆ చీకట్లో దొరుకుతుంది. కనబడకుండా అడ్డం పడుతున్నది దెయ్యం అనుకుంటారు. కాదు, సిల్ఫాక్స్ అనే ముసలి కార్మికుడు. ఒకప్పుడు పేరుకున్న గ్యాస్‌ను దివిటీతో ముట్టించి కాల్చేయడం, మిగతావాళ్ళు దిగేముందు ప్రాణం పణంగా పెట్టి ఆ పని చేయడం అతని ఉద్యోగం. భద్రత దీపాలు వచ్చాక ఆ ఉద్యోగం పోయింది.

ఈ నవలను ఏమనాలి? మంత్రం లేదు, ప్రతి వింతకూ కారణం ఉంది. భూమి కింద ఊరు మాత్రం ఎక్కడా లేదు. వెర్న్ కాలానికి సైన్స్ ఫిక్షన్ అన్న మాటే పుట్టలేదు. డ్యూయీ సంఖ్య వేస్తే ఫ్రెంచి నవల, 843. ఓవర్‌మన్, సీమ్, గ్యాస్ అన్న మాటలు పుట్టినప్పటి నుంచీ వింటున్న ఊళ్ళో ఆ పుస్తకానికి దొరికినంత మంచి పాఠకుడు పారిస్‌లో కూడా దొరకడు. కానీ గని అన్న మాట వెంట వెతికితే ఆ పాఠకుడికి ఏం దొరుకుతుంది? మైనింగ్ పాఠ్యపుస్తకాలు, బొగ్గుబాయి బతుకుల మీద అల్లం రాజయ్య వంటివారి వాస్తవ కథలు. అవి ఉండవలసినవే, ఈ ఊరి గుండె చప్పుడు అవే. వాటి పక్కన వెర్న్ గని కూడా ఉందని కార్డు చెప్పాలి. వాస్తవ కథ చదివే ఇంట్లోనే ఊహా కథ చదివే పిల్లలుంటారు. శ్రమ గురించి రాసిన సాహిత్యానికి గౌరవం ఇవ్వడమంటే ఊహను తేలిక చేయడం కాదు. సిల్ఫాక్స్ కథలో పోయిన ఉద్యోగం బాధ ఉంది, అది ఊహా కథలోనే ఉంది.

ఈ లోయ అసలే ఊహకు పెట్టుబడి. ఇక్కడి బొగ్గు పాతిక కోట్ల ఏళ్ళకు పూర్వపు గోండ్వానా అడవుల అవశేషం. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన డైనోసార్ కోటాసారస్ ఎముకలు దొరికింది ఈ ప్రాణహిత గోదావరి లోయలోనే, యామనపల్లిలో. ఆ డైనోసార్ గురించిన పుస్తకం 567.9లో ఉంటుంది. వెర్న్ ‘భూమధ్యానికి ప్రయాణం’లో పాతకాలపు జంతువులు నవలల గదిలో ఉంటాయి. ఎముకలు చూసొచ్చిన పిల్ల రెండూ అడుగుతుంది. ఆ పిల్ల అడిగేది ఒక్కటే ప్రశ్న, గ్రంథాలయం దాన్ని రెండుగా కోస్తోంది.

చేయవలసిన పని ఖరీదైనది కాదు. చాలా దేశాల పౌర గ్రంథాలయాలు పుస్తకాన్ని ఉన్నచోటే ఉంచి, వెన్ను మీద చిన్న గుర్తు అంటిస్తాయి, రాకెట్ బొమ్మ ఉంటే సైన్స్ ఫిక్షన్ అని. మనకు రంగు టేపు చాలు. జానపదానికి ఒక రంగు, సైన్స్ ఫిక్షన్‌కు ఒకటి, సోషియో ఫాంటసీకి ఒకటి, భయానకానికి ఒకటి. పుస్తకానికి రెండు స్వభావాలుంటే రెండు పట్టీలు. అర మారదు, సంఖ్య మారదు, రిజిస్టరు మారదు. పది అడుగుల దూరం నుంచి పొర కనిపిస్తుంది. క్షుద్ర అన్న మాట మాత్రం పట్టీ మీదికి రాకూడదు; తీర్పు చెప్పే అధికారం టేపుకు ఇవ్వకూడదు. విడిగా సైన్స్ ఫిక్షన్ గది కట్టాలన్న కోరికను కూడా ఒప్పుకోలేం. గది కడితే విశ్వనాథ కోసం వచ్చిన మనిషికి గంధర్వుడు తగలడు, గంధర్వుడి కోసం వచ్చిన పిల్లకు విశ్వనాథ తగలడు.

రెండో పని కేటలాగులో. రంగనాథన్ చెయిన్ ఇండెక్సింగ్ అని ఒక పద్ధతి కనిపెట్టారు. వర్గ సంఖ్యలోని ఒక్కో మెట్టునూ ఒక్కో తలుపుగా తెరిచి పాఠకుడు ఏ మాటతో వచ్చినా లోపలికి చేర్చడం దాని ఉద్దేశం. ఆయన సాహిత్యం దగ్గర వదిలిన ఖాళీని ఆయన పనిముట్టుతోనే పూడ్చవచ్చు. మనిషి వాడే మాటలే తలుపులు కావాలి. ‘మాంత్రికుడు’, ‘వేరే గ్రహం’, ‘కాలయంత్రం’, ‘యముడు’, ‘భూమి కింద ఊరు’. అడిగే మాట ఏదైతే అదే కార్డు మీద రాయాలి. అందుకు ఎదురుగా ఉన్న మనిషి అడిగినది అడిగినట్టు ఒక నోటుపుస్తకంలో నెల రోజులు రాసుకోవాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలు నడిచేది ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు మీద. క్వార్టర్ల పక్క సందుల్లో సొంతిల్లు కట్టుకున్న ప్రతివాడూ ఆ పైసలు కట్టాడు. అతను అడిగే మాట కేటలాగులో ఉండటం అతనికి ఎవరో చేసే దయ కాదు.

పోటీ పరీక్షల పిల్లలతో నిండిన చదువుగదుల్లో ఇదంతా ఎవరికన్న ప్రశ్న రావచ్చు. ఆ పిల్లలే చదివి చదివి తల వేడెక్కినప్పుడు పది నిమిషాలు లేచి అరల మధ్య తిరుగుతారు. ఆ పది నిమిషాల్లో చేతికి తగిలే పుస్తకం ఏదన్నది పట్టీ రంగు నిర్ణయిస్తుంది. రాత్రి షిఫ్టు దిగి నిద్రపట్టని మనిషికి కూడా అంతే.

‘హాహా హూహూ’ కార్డు రాయడంతో పని మొదలుపెట్టవచ్చు. పైన విశ్వనాథ సత్యనారాయణ, 894.8273, నవల. అంతవరకు ఇప్పటికే ఉంది. కింద ఖాళీ గీతల మీద: గంధర్వులు, గుర్రం తల మనిషి, వేరే లోకం నుంచి వచ్చినవాడు, లండన్, పౌరాణికం, సోషియో ఫాంటసీ. ఇదీ చూడండి: వెల్స్, వెర్న్, విశ్వనాథదే ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’. వెన్ను మీద రెండు పట్టీలు.